గుల్సున్ కరముస్తఫా కళ: అధికారము, స్మృతి

తుర్కీ దేశపు సమకాలిక కళను గూర్చి వ్రాయువారు గుల్సున్ కరముస్తఫాను సామాన్యముగా 'రాజకీయ కళాకారిణి' యని పేర్కొనుచుందురు. ఆమె జీవితమును చూచినచో ఆ పేరు సహజమే. ఆమె 1946లో అంకారా నగరమున జన్మించి, 1969లో ఇస్తాంబులు లలితకళా అకాడమీలో చిత్రకళాభ్యాసమును పూర్తి చేసెను. 1971 మార్చి 12వ తేదీన సైన్యాధిపతులు తాఖీదు నిచ్చి ప్రభుత్వమును దింపిరి. ఆ పిమ్మట, రాజకీయకారణములచే పరారియైన వ్యక్తికి ఆశ్రయ మిచ్చినారను అభియోగముపై ఆమెయు, ఆమె భర్తయు నిర్బంధింపబడిరి. ఆరు మాసములు చెర. అటుపై 1987 వరకు, పదునారేండ్లు, దేశము దాటి పోవుటకు అనుమతి లేదు. ఇట్టి యనుభవము గల వ్యక్తి కృతులను నిరసనలుగా చదువుట మిక్కిలి సులభము. ఆ సౌలభ్యమే మాకు సందేహమును కలిగించుచున్నది.

మొదట 'చెరసాల చిత్రములు' అను వరుసను చూతము. ఇవి 1972 మొదలు 1978 వరకు, అనగా విడుదలైన తరువాత, జ్ఞాపకమునుండి వ్రాసినవి. ఈ విషయమును విమర్శకులు తగినంతగా పాటింపలేదని మా తలంపు. చెరలో కూర్చుండి వ్రాసినచో వానిని సాక్ష్యపత్రములనవచ్చును. ఇవి అట్టివి కావు. మఱచిపోకుండుటకై వ్రాసితినని ఆమెయే చెప్పియున్నది. ఇజ్మిత్ చెరసాలలో ఆమెతో నున్నవారు రాజకీయ ఖైదీలు కారు. సాధారణ నేరములకు దీర్ఘశిక్షల ననుభవించుచున్న స్త్రీలు. చిత్రములలో ప్రధానముగా కనబడునది వారి దినచర్య, వారి ఇఱుకు మంచములు, వారి సహవాసము. రంగులు మందమైనవి కావు, ప్రకాశవంతములు. లోతును చూపు చిత్రణ కంటె జానపద చిత్రముల చదునుదనమే ఎక్కువ. మన ఆలంకారికులు రసమును దాని పేరుతోనే చెప్పుటను దోషముగా నెంచిరి. ఈ చిత్రములయందు క్రౌర్యము తన పేరుతో చెప్పబడలేదు. కావుననే అది వ్యంగ్యమై నిలిచినది.

ఈ చిత్రములు ఇస్తాంబులులోని 'సాల్ట్' సంస్థ 2013లో ఏర్పరచిన ప్రదర్శన వరకు లోకమునకు తెలియకుండెను. ముప్పదియైదేండ్లు! నిరసన యగునేని ఇంతకాలము పెట్టెలో నుండదు. స్మృతి యుండగలదు.

1975 నుండి 1981 వరకు ఆమె ఇస్తాంబులు ప్రయుక్త లలితకళల ప్రభుత్వ పాఠశాలలో బోధించెను. ఈ నడుమనే, 1980 సెప్టెంబరు 12న, మరల సైన్యము అధికారమును చేకొన్నది. అనటోలియా పల్లెలనుండి నగరమునకు వలస వచ్చినవారి చవుకబారు గోడతివాసీలు, మెఱుపుగుడ్డలు, 'అరబెస్క్' పాటలు ఆ రోజులలో విద్యావంతులకు పరిహాసపాత్రములు. కళాపాఠశాలలో బోధించిన వ్యక్తి వానినే తన సామగ్రిగా గ్రహించుట చిన్న సాహసము కాదు. 1986 నాటి కృతిలో నమాజుచాపపై అమెరికను గాయకుడు ఎల్విస్ రూపము కలదు. దీనిని హాస్యమని త్రోసివేయరాదు. సదభిరుచి యనునదియు నొక యధికారమే గదా!

మా దృష్టిలో ఆమె ప్రతిభ వస్త్రములయందు పరిపక్వమైనది. 1991 నాటి 'వార్తాహరుడు' అను కృతి మూడు చిన్నపిల్లల చొక్కాలు మాత్రమే. బాల్కను దేశములనుండి వలస వచ్చునపుడు విలువైన వానిని పిల్లల చొక్కాలలో కుట్టి సరిహద్దు దాటించితిమని ఆమె అవ్వ చెప్పిన మాట దానికి మూలము. సరిహద్దును కాపాడు అధికారి పెద్దలను సోదా చేయును; పసివాని యొడలిపై చేయి వేయుటకు జంకును. అధికారమునకు గల ఆ జంకును స్త్రీలు ఎఱిగి వాడుకొనిరి. 1992లో ఇస్తాంబులు ద్వైవార్షిక ప్రదర్శనమున నిలిపిన 'మార్మిక యానము' దీని విస్తరణము: చక్రములు గల లోహపు బుట్టలలో రంగురంగుల సాటిను రజాయిలు. (తుర్కీ భాషలో 'యోర్గాన్' అందురు. మన బొంత పాత చీరలతో కుట్టినది. ఇది దూది నింపిన పెండ్లిసామగ్రి వంటిది. రజాయి యనుటయే మేలు.) ఇల్లు పోయినవాడు పఱపును మోసికొనిపోవును. ఆ కృతియందు మనుష్యుడు లేడు. వాని నిద్ర మాత్రము చక్రములపై నిలిచియున్నది.

2005 నాటి 'మైదానస్మృతి' అను చలనచిత్రము రెండు తెరలపై నడచును. ఒకదానిపై ఇస్తాంబులులోని తక్సీం మైదానమును గూర్చిన పాత దృశ్యములు. 1928లో గణతంత్ర స్మారకస్తంభము నిలిచిన చోటు అదియే. 1955 సెప్టెంబరులో గ్రీకుల అంగళ్లను మూకలు ధ్వంసము చేసినదియు, 1977 మే 1న కార్మికసభపై కాల్పులు జరిగి ముప్పదిమందికి పైగా మరణించినదియు ఆ ప్రాంతముననే. రెండవ తెరపై ఒక కుటుంబము తమ గదులలో మసలుచుండును. ఈ రెంటిని కలుపు వివరణ మెచ్చటను లేదు. మైదానమునందేమి జరిగినదో ప్రభుత్వము తన రీతిని వ్రాసికొనును. ఆ రాత్రి ఇంటిలో ఎవరు కిటికీ వైపు చూచిరో వ్రాయువారు లేరు. చరిత్రకారుడు వదలిన ఆ స్థలముననే ఈమె నిలిచినది.

ఈ కొలతతోనే 2024లో వెనీసు ద్వైవార్షిక ప్రదర్శనమున తుర్కీ మంటపమునకై కూర్చిన కృతిని పరీక్షింపవలసియున్నది. దాని పేరు ప్రపంచపు డొల్లతనమును, విఱుగుడును చెప్పుచున్నది. వెనీసు గాజు దీపగుచ్ఛములకు ముండ్లతీగ చుట్టిరి. స్తంభముల అచ్చులు లోన శూన్యములు. బండ్లలో గాజు తునకలు. కొందఱు దీనిని ఆమె కృషికి శిఖర మనిరి. మే మంగీకరింపజాలము. ముండ్లతీగ యనగా అధికారమునకు పెట్టిన పేరే. పూర్వము చెప్పిన దోష మిచ్చట ప్రవేశించినది. 1992 నాటి బుట్టలలో ఎవరో పండుకొనిన రజాయి యుండెను. ఈ బండ్లలోని గాజు ఎవరి యింటిదో తెలియదు. అచ్చటనే యుద్ధములు, వలసలు, ఊరేగింపుల పాత దృశ్యములతో కూర్చిన చలనచిత్రమును గూడ ప్రదర్శించిరి. ఖండములను పేర్చిన తీరున పాత నేర్పు కనబడుచున్నది. కాని యిందు రెండవ తెర లేదు.