జరీ కింద గర్జన

ఓ ‘వైల్ లగ్జరీ’ ఆల్బమ్, నిన్ను కీర్తించడానికి మెత్తని మాటలు చాలవు. నువ్వు లాలించవు, ఓదార్చవు. 2018 జూలైలో న్యూయార్క్ నుంచి ఇత్తడి బూరలు ఊదుకుంటూ వచ్చావు. మొదటి పాట ‘స్వార్మింగ్ ఆప్యులెన్స్’ గుమ్మంలోనే ఆ బూరలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. శ్రుతి కలవదు, కలవనంటుంది. రాజుగారి ఊరేగింపు వస్తోందనిపిస్తుంది. ఆ రాజు ఒంటి మీది జరీ కింద పుండు ఉందని కూడా వెంటనే తెలిసిపోతుంది. అంత వైభవాన్నీ అంత కుళ్లునీ ఒకే ఊపిరిలో ఊదిన నీకు దండం.

నీది అడవి వంశం. 1990ల మొదట్లో నార్వే కుర్రకారు గిటార్ తీగను క్షణం ఆపకుండా గీరి, డ్రమ్ముల మీద ఊపిరాడని దరువు వేసి, గొంతు చించుకుని అరిచి బ్లాక్ మెటల్‌కు ఒక రూపం తెచ్చారు. మంచు, చీకటి, చెట్లు, పాత దేవతలు, ఇదే వాళ్ల లోకం. చర్చిలు తగలబెట్టిన నేరాలూ హత్యలూ ఆ చరిత్రకు అంటుకునే ఉన్నాయి. వాటిని పక్కకు నెట్టి మాట్లాడటం తప్పు. ఆ మంచు సంగీతం గొప్పదే. కానీ ఎండకు నెర్రెలు బాసిన మా పాలమూరు నేల మీద నిలబడి వింటే అది పరాయి చలి. నువ్వు ఆ అరుపునే తీసుకుని అడవి దాటించావు. లిఫ్టు ఎక్కించావు. భూమి కింది రైల్లో తిప్పావు. ఆకాశానికి అంటిన అద్దాల గదిలోనూ, దాని అడుగున పారే మురుగులోనూ అదే అరుపు వినిపించావు. అప్పుడు నువ్వు నాకు చుట్టమయ్యావు.

నిన్ను కన్నవాళ్లు ముగ్గురు. ఇంపీరియల్ ట్రయంఫెంట్ అని వాళ్ల బ్యాండ్ పేరు. గిటారూ గొంతూ జాకరీ ఎజ్రిన్‌వి. బాస్, పియానో స్టీవ్ బ్లాంకోవి. డ్రమ్ముల ముందు కెన్నీ గ్రొహౌస్కీ. క్వీన్స్‌లో కాలిన్ మార్‌స్టన్ స్టూడియోలో నిన్ను రికార్డు చేశారు. వేదిక మీద ముగ్గురూ బంగారు రంగు మాస్కులు పెట్టుకుంటారు. 1920లు, 30ల నాటి ఆర్ట్ డెకో భవనాల తలుపుల మీద చెక్కిన ముఖాలు లేచి వచ్చినట్టుంటారు.

కెన్నీ చేతుల్ని దగ్గరగా వింటాను. సింబల్ అంచును జాజ్ వాద్యగాడి చెయ్యి తాకిన మెత్తని మోత. మరుక్షణం దాని మీద తుఫాను. సమం ఎక్కడ పడుతుందా అని వేళ్ల మీద లెక్క కడతాను, అనుకున్న చోట పడదు. ఒక మాత్ర ముందో, అర మాత్ర వెనకో పడుతుంది. ఎజ్రిన్ గిటార్ స్వరం నుంచి స్వరానికి నడవదు, జారుతుంది. ఆ జారుడులో కడుపులో దేవినట్టవుతుంది. బ్లాంకో పియానో ఎక్కడినుంచో ఖరీదైన హోటల్ వాసన మోసుకొస్తుంది. అతిథి గాయని యోషికో ఓహారా వచ్చి అరిచే అరుపులో మాటలు నాకు చిక్కవు, బాధ చిక్కుతుంది. నగరంలో రాత్రిపూట గోడ అవతలి కేక కూడా మనకు అలాగే కదా వినపడేది!

నీలో ఎనిమిది పాటలు. మా నారాయణపేట మగ్గానికి కూడా ఎనిమిది లెక్క ఉంది. ఎనిమిది చీరలకు సరిపడా పొడుగున ఒకే పడుగు ఎక్కించి నేసే పద్ధతి మాది. పడుగు తెగదు, పేక మారుతుంది, అంచు మారుతుంది. నిన్ను విన్నప్పుడల్లా ఆ పడుగే తోస్తుంది. ‘గోథమ్ లక్స్’ ఒక అంచు, ‘చెర్నోబిల్ బ్లూస్’ ఇంకొక అంచు, ‘మదర్ మెషీన్’ మరో రంగు. కింద సాగే దారం మాత్రం ఒక్కటే. అది నీ న్యూయార్క్.

మా నారాయణపేట దిక్కు జనానికి మహానగరమంటే హైదరాబాద్ కంటే ముందు బొంబాయి. కర్ణాటక సరిహద్దు పక్కనే, బొంబాయి నుంచి మద్రాసు పోయే రైలు దారి మా కృష్ణా స్టేషన్ మీదుగానే. వాన మొహం చాటేసిన ఏడు గుంపు మేస్త్రి వచ్చి అడ్వాన్స్ ఇస్తాడు. ముసలీ ముతకా పిల్లలతో ఇంట్లో మిగులుతారు, సత్తువ ఉన్నవాళ్లు మూటలు కట్టుకుని బొంబాయికో పుణెకో బయల్దేరతారు. ‘పాలమూరు లేబర్’ అన్న పేరు దేశమంతా ఎరిగినదే. ఇది నిన్న మొన్నటి ముచ్చట కాదు. బొంబాయిలోని కామాటిపుర పేరు మన తెలుగు కామాటీలది. నిజాం రాజ్యం నుంచి పోయి, 18వ శతాబ్దం చివరి నుంచి అక్కడ స్థిరపడిన కట్టుబడి కూలీలది. ఆ పేటను లోకం ఎర్రదీపాల దుఃఖంతో గుర్తుపెట్టుకుంది. ఇటుకలు మోసినవాళ్ల పేరని గుర్తున్నవాళ్లు కొద్దిమంది. నువ్వు వచ్చిన 2018లోనే మెరైన్ డ్రైవ్ ఆర్ట్ డెకో భవనాల వరుసకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. నీ మాస్కుల మీది గీతలే ఆ బాల్కనీల మీద కూడా ఉన్నాయి.

నీ న్యూయార్క్‌ను కట్టినవాళ్ల కథ కూడా అంతే. 1931లో 381 మీటర్ల ఎంపైర్ స్టేట్ భవనం లేచినప్పుడు, మాంట్రియల్ పక్కనున్న కానవాకె నుంచి వచ్చిన మొహాక్ ఆదివాసీ మనుషులు ఇనుప దూలాల మీద నడిచి పని చేశారు. అంతకు ముందు 1907 ఆగస్టు 29న క్యూబెక్ వంతెన కూలి 75 మంది పోయారు. అందులో 33 మంది కానవాకె వాళ్లే. మగవాళ్లందర్నీ ఒకే పనికి పంపొద్దని ఆ ఊరి ఆడవాళ్లు పట్టుబట్టారని చెబుతారు. మా పల్లెల ఆడవాళ్లకు ఆ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

అందుకే నీ ‘లోయర్ వరల్డ్’ వింటుంటే స్లాబు కింద సెంట్రింగ్ కర్రల నీడ నాకు కనబడుతుంది. ‘ది ఫిల్త్’ వింటుంటే నగరం రోజూ కడుక్కుని పారేసే నీళ్లు ఎవరి గుడిసె ముందు నిలుస్తాయో కనబడుతుంది. నువ్వు కూలీ పాటవు కావు, ఆ సంగతి నాకు తెలుసు. నువ్వు ధనవంతుల మేడను లోపలినుంచి చూసినదానివి. మేం బయటినుంచి, పునాది గోతిలోంచి చూసినవాళ్లం. రెండు వైపులవాళ్లం ఒకే గోడ మీద చెయ్యి వేశాం. ఆ గోడ చల్లగా ఉంటుందని ఇద్దరికీ తెలుసు.

పాటల కవి గోరటి వెంకన్న మా పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా, గౌరారం మనిషి. ‘గల్లీ చిన్నది’ పాటలో పట్నం గరీబుల బతుకును జానపద బాణీలో ఊరూరా పాడించాడు. అక్కడ డప్పు, ఇక్కడ డబుల్ బాస్ డ్రమ్ము. అక్కడ ప్రతి మాటా పసిపిల్లకు కూడా అర్థమవుతుంది, ఇక్కడ ఒక్క మాటా చెవికి దొరకదు. అయినా ఆ పాటకూ నీకూ వైరం లేదు. ఒకటి గల్లీ పేరు పెట్టి పిలుస్తుంది, ఒకటి పేరు లేని వణుకును పట్టుకుంటుంది. నగరానికి రెండూ కావాలి.

రెండేళ్లకు నీ తమ్ముడు ‘ఆల్ఫావిల్’ పుట్టాడు. 1965లో గొదార్ తీసిన సినిమా పేరు పెట్టుకున్నాడు. ట్రే స్ప్రుయాన్స్ నిర్మాణంలో మరింత నిగనిగలాడాడు. ‘సిటీ స్వైన్’ పాటలో మెషుగ్గా బ్యాండ్ డ్రమ్మర్ తోమాస్ హాకె వచ్చి జపాన్ తైకో డోళ్లు మోగించాడు. ఆ తమ్ముడంటే నాకు గౌరవం. ప్రేమ మాత్రం నీ మీదే. నీలో మెరుగు తక్కువ, తుప్పు ఎక్కువ. నగరాన్ని తిట్టి ఊరికి పారిపొమ్మని నువ్వు చెప్పలేదు. దాని అందానికి మోకరిల్లమనీ చెప్పలేదు. ఆ వెలుగును ప్రేమిస్తూనే దాని ఖరీదు చదివి వినిపించావు. బొంబాయి నుంచి వచ్చిన మా మనుషులు కూడా అంతే. కష్టం చెప్పుకుని కళ్లు తుడుచుకుంటారు, ఆ వెంటనే రాత్రిపూట సముద్రం ఒడ్డున దీపాలు ఎట్లుంటయో చెప్పి మురిసిపోతారు.

చదివేవాళ్లకు ఒక్క మాట. ఈ సంగీతం మొదటిసారి చెవికి కఠినంగా తగులుతుంది, తగలనివ్వండి. ఒక్క పాట ఏరుకుని వినకండి. ‘లగ్జరీ ఇన్ డెత్’ ముగిసేదాకా ఎనిమిదీ వరుసగా వినండి. ముఖ్యంగా పాలమూరు నుంచి పోయి ఈ దేశపు ఏ నగరంలోనైనా బతుకుతున్న పిల్లలు వినాలి. ఆ నగరం మీ పెద్దల చేతుల మీదుగా లేచింది, దాని మోత మీద మీకు హక్కుంది.