లాయంలో కాపురం

పరకాల వైపు దొరల కాలపు పాత గడీ చేతులు మారిందంటే మొదటి గడ్డపార దెబ్బ గుర్రాల లాయానికే తగులుతుంది. దొర కూర్చున్న దర్వాజ ముందు నిలబడి ఫొటోలు దిగుతారు, చెక్కిన టేకు స్తంభాలకు బేరం పెడతారు. లాయం మాత్రం ఎవరికీ పట్టదు. నన్నడిగితే గడీ మొత్తంలో ఇప్పటి కుటుంబానికి నప్పే ఇల్లు అదే.

గుర్రం ఖరీదైన జంతువు, పైగా సుకుమారం. గాలాడకపోతే ఊపిరితిత్తులు చెడతాయి, నేల తడిగా ఉంటే గిట్టలు కుళ్లుతాయి. అందుకే మంచి లాయానికి ఎత్తయిన కప్పు, పైన గాలి కిటికీలు, నీళ్లు జారిపోయే వాలు నేల ఉంటాయి. కట్టేయకుండా వదిలే గుర్రానికి 12 అడుగులకు 12 అడుగుల గది కావాలని ఇప్పటికీ లెక్క. హన్మకొండ అపార్ట్‌మెంట్లలో పిల్లల గదికి అంత దక్కితే అదృష్టమే! ఆ గుర్రాన్ని చూసుకున్నవాళ్లకు, గడీకి వెట్టి చేసినవాళ్లకు మాత్రం గుడిసెలే గతి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, దొరలు ఒక్కొక్కరే పట్నం చేరారు. ఆ లాయంలో ఇవాళ ఒక మామూలు కుటుంబం కాపురం పెడితే అందులో నాకు కొంత న్యాయం కూడా కనిపిస్తుంది.

లండన్‌లో ఈ మార్పు ఎప్పుడో వచ్చింది. పెద్దిళ్ల వెనక సందుల్లో కింద గుర్రాలు, పైన బండివాళ్లు ఉండే ‘మ్యూస్’ కట్టడాలు కార్లు వచ్చాక మోటారు షెడ్లయ్యాయి, తర్వాత ఇళ్లయ్యాయి. ఇప్పుడు వాటిని కొనాలంటే బాగా కలిగినవాళ్లయి ఉండాలి. మన కామారెడ్డి జిల్లాలో దోమకొండ కోటను బాగుచేసిన తీరుకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం దక్కింది. అది కోట, దాని ఖర్చు వేరు. అయినా పాత గోడను పాత పద్ధతిలోనే నిలబెట్టవచ్చని మన నేల మీదే రుజువైంది కదా.

లాయంతో అసలు తంటా వాసన కాదు, ఉప్పు. ఏళ్ల తరబడి నేలలో ఇంకిన గుర్రపు మూత్రం సురేకారం జాతి లవణాలుగా మారి గోడల్లోకి ఎక్కుతుంది. పూర్వం తుపాకి మందు కోసం ఇలాంటి మట్టి నుంచే సురేకారం తీసేవారు. ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కప్పు ఎక్కడా కురవకపోయినా వానాకాలంలో గోడ చెమరుస్తుంది. నాకు తెలిసిన ఒక కుటుంబం నున్నగా ఉంటుందని పాత గోడకు సిమెంటు పూయించింది. రెండో వానాకాలానికి అది పెచ్చులు పెచ్చులుగా రాలింది. తర్వాత వచ్చిన ముసలి మేస్త్రీ గోడ మీద అరచెయ్యి ఆనించి చూసి, “ముక్కు మూస్తే గోడ ఎట్ల బతుకుతది సార్?” అన్నాడు. పూత గీకించి, గానుగలో నూరిన డంగు సున్నం పూయించాడు. సున్నం లోపలి చెమ్మను బయటికి పోనిస్తుంది, ఉప్పును తన మీదికి తెచ్చుకుని తాను రాలుతుంది, గోడను కాపాడుతుంది. కొన్నేళ్లకోసారి మళ్లీ పూయాల్సిందే, ఆ ఓపిక ఉండాలి. పత్తి పండే మా నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది. ఆ కదలికను సున్నం కొంతవరకు ఓర్చుకుంటుంది, సిమెంటు పగులుతుంది.

నేల సంగతీ అంతే. పైన బండలు పరిచేస్తే సరిపోదు. అడుగున్నర లోతు పాత మట్టి తీయించి, కంకర నింపాకే షాబాదు బండలు వేయాలి. తవ్వేవాళ్లకు ముందే ధనుర్వాతం ఇంజెక్షన్ ఇప్పించండి. గుర్రపు లద్దె కలిసిన మట్టిలో ఆ జబ్బు క్రిములు ఎక్కువ.

కిటికీలు మరీ ఎత్తులో ఉన్నాయని, బయట ఏమీ కనబడదని ఇంటి ఆడవాళ్లు అనే మాట నిజమే. అలాగని గోడకు కొత్త కన్నాలు కొట్టొద్దు. ఉన్న కిటికీ కిందిభాగాన్నే నడుము ఎత్తుదాకా దించండి. పైనున్న కమాను బరువు మోస్తూనే ఉంటుంది. గుర్రం పట్టే దర్వాజను అలాగే ఉంచండి, దాంట్లోంచి సోఫా సులువుగా లోపలికి వస్తుంది. వంటగది, స్నానాల గది మాత్రం పాత గోడల మధ్య ఇరికించకుండా పక్కన కొత్తగా కట్టుకోవడమే మేలు. పైపు కారిందంటే సున్నపు గోడ తట్టుకోలేదు.

లాయం కొన్నవాళ్లు పని మొదలుపెట్టే ముందు ఒక వానాకాలం ఆగండి. ఏ మూల కురుస్తోంది, ఏ గోడ తెల్లబడుతోంది, నీళ్లు ఎటు పోతున్నాయి, అన్నీ సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. మేస్త్రీని ఆ తర్వాతే పిలవండి. సున్నం పని వచ్చినవాణ్ని మాత్రం ఇప్పటినుంచే వెతకండి, వాళ్లు తక్కువమందే మిగిలారు.