‘సహ్రా’ అంటే ఎడారేనా?

ఇబ్న్ బతూతా 1355లో ముగించిన ‘రిహ్లా’లో జఫార్ పట్టణ వర్ణన తెలుగు అనువాదకునికి చిక్కు తెచ్చిపెడుతుంది. నేటి ఒమన్‌లో, సలాలా తీరాన ఉండిన ఆ పట్టణం ‘సహ్రా’లో ఒంటరిగా ఉన్నదనీ, దరిదాపుల గ్రామమే లేదనీ ఆయన వ్రాశాడు. దీనిని ‘ఎడారి’ అనగానే వికారాబాదు పాఠకునికి ఇసుకతిన్నెలు తోస్తాయి. కాని అదే వర్ణనలో అరటితోటలు, తమలపాకు తీగలు, కొబ్బరిచెట్లు కలవు! చివరి రెండూ హిందూదేశంలోనూ జఫార్‌లోనూ తప్ప లేవని కూడా అంటాడు. (మాల్దీవుల కొబ్బరిని వర్ణించినదీ ఆయనే.) ఇక్కడ ‘సహ్రా’ అంటే జనావాసం లేని బయలు. ‘ఎడారి’ ఆ అర్థాన్ని మింగివేస్తుంది.

అలాగని అది సస్యశ్యామల సీమ కాదు. జొన్నపైరుకు లోతైన బావుల నీరు తోడేవారు. బియ్యం హిందూదేశం నుండి వచ్చేది. పశువులకు చేపలే మేత.

జూన్ చివరి నుండి సెప్టెంబరు దాకా నైరుతి గాలి తెచ్చే మంచుతుంపర అక్కడి కొండల సముద్రపు వైపును పచ్చబరుస్తుంది. పేరుపొందిన లుబాన్ ధూపం మాత్రం తుంపర అందని ఆవలి పొడినేలది. వానాకాలంలో అనంతగిరి ఎక్కినవారికి ఆ కొండలను ఊహించుకోవడం కష్టం కాదు.

ఆ ఋతువును అక్కడివారు ‘ఖరీఫ్’ అంటారు. నిఘంటువులో దాని అర్థం శరదృతువు. మొగలుల రెవెన్యూ లెక్కలలో వానాకాలపు పంటకు పేరైన ఆ మాట తాండూరు కందిచేలకూ చేరింది. ఆ తీరాన్ని గురించిన అరబ్బీ రచనలో ‘ఖరీఫ్’ను ‘శరత్తు’ అని మార్చితే, తాండూరు రైతు నోట ఉన్న మాటను తీసివేసి తప్పు ఋతువును అందించినట్లవుతుంది.