టోపీ, లిఫ్టు, తెల్ల ఫ్లానెల్: విదేశ విద్యార్థి తొలి రోజుల కథనంలో కాలదూరం

(గాంధీజీ ‘లండన్ దినచర్య’, ‘ఆత్మకథ’, మొక్కపాటి ‘బారిష్టరు పార్వతీశం’: తులనాత్మక పరిశీలన)

ఉపోద్ఘాతం

చదువుకోసం సముద్రం దాటిన విద్యార్థి అనగానే తెలుగు పాఠకునికి స్ఫురించేది మొగల్తూరు పార్వతీశమే. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టరు పార్వతీశం’ మొదటి భాగం 1924లో వెలువడింది. తక్కిన రెండు భాగాలు కొన్ని దశాబ్దాల తరువాత వచ్చాయి. నాటినుంచి నేటివరకు ఈ నవలపై జరిగిన చర్చలో ఎక్కువ భాగం ‘అమాయకత్వం వల్ల పుట్టిన హాస్యం’ అన్న మాట దగ్గరే ఆగిపోతున్నది. ఆ అమాయకత్వం ఒక వ్యక్తి లోపమా, లేక అలాంటి ప్రయాణం చేసిన ప్రతి విద్యార్థీ దాటవలసిన దశా అన్న ప్రశ్నకు నవలలో మాత్రమే సమాధానం వెతికితే దొరకదు. దానిని మరొక విద్యార్థి కథనం పక్కన పెట్టి చదవాలి.

అందుకు తగిన కథనం గాంధీజీది. 1888 సెప్టెంబరు 4న బొంబాయిలో ‘క్లైడ్’ ఓడ ఎక్కిన మోహన్‌దాస్ కూడా బారిష్టరు కావాలనే బయలుదేరాడు. అప్పుడతనికి పందొమ్మిదో ఏడు పూర్తి కావస్తున్నది. ఈ ప్రయాణాన్ని ఆయన రెండుసార్లు అక్షరబద్ధం చేశారు. మొదటిది లండన్ చేరిన కొద్ది వారాలకే, 1888 నవంబరు 12న ఇంగ్లీషులో ప్రారంభించిన దినచర్య. రెండవది 1925లో ‘నవజీవన్’ పత్రికలో గుజరాతీలో ధారావాహికగా మొదలైన ఆత్మకథ. రెండింటి నడుమ 37 ఏళ్ల దూరం ఉంది. పార్వతీశం తొలి భాగం ఆత్మకథ కంటే ముందే అచ్చయింది కనుక ఒకదానిపై మరొకదాని ప్రభావం అన్న చర్చకు తావులేదు. పోలికలకు మూలం అనుభవంలోనే ఉంది.

ప్రయాణానికి ముందు

ఆత్మకథలోని ప్రయాణసన్నాహ ఘట్టాన్ని సాధారణంగా తల్లికి ఇచ్చిన మాట చుట్టూనే వ్యాఖ్యానిస్తారు. మద్యం, మాంసం, స్త్రీ అనే మూడింటికీ దూరంగా ఉంటానని బేచర్‌జీ స్వామి సమక్షంలో చేసిన ప్రమాణం ఆ కథకు వెన్నెముక అనడంలో సందేహం లేదు. అయితే అదే ఘట్టంలో అంతగా పట్టించుకోని రెండు చిన్న సన్నివేశాలున్నాయి. ఆర్థిక సాయం కోరడానికి పోర్‌బందర్ పాలనాధికారి లేలీ దొరను కలవబోతూ మోహన్‌దాస్ చెప్పవలసిన వాక్యాలను ముందే వల్లెవేసుకున్నాడు. దొర మేడమెట్లు ఎక్కుతూనే, ముందు బి.ఏ. ప్యాసై రమ్మని ఒక్క ముక్కలో తేల్చి వెళ్లిపోయాడు. రెండవది పాఠశాల విద్యార్థులు చేసిన వీడ్కోలు సభ. కృతజ్ఞతగా రాసి తెచ్చుకున్న నాలుగు మాటలు కూడా నోట పెగలలేదు. తల తిరిగింది, ఒళ్లు వణికింది.

ఈ రెండు చోట్లా భంగపడినది మాట. ఎదురుచూపు అంటే రాబోయే సన్నివేశాన్ని మనసులో ముందే ఆడి చూసుకోవడం. అసలు సన్నివేశంలో ఎదుటివాడు ఆ వరుస ప్రకారం నడుచుకోడు. విదేశంలో ఎదురయ్యే సంకటానికి నమూనా స్వదేశంలోనే, ఓడ ఎక్కకముందే ఏర్పడిపోయిందన్నమాట.

కులపంచాయతీ సంగతి కూడా ఇక్కడ గమనించదగినది. బొంబాయిలో మోఢ్ బనియా పెద్దలు మోహన్‌దాస్‌ను వెలివేశారు. అతనికి సాయం చేసినా, రేవుకు వెళ్లి సాగనంపినా రూపాయి నాలుగణాల జరిమానా అన్నారు. ప్రయాణపు డబ్బు దాచిన బావ దానిని ఇవ్వడానికి వెనుకాడాడు. వీడ్కోలుకు కూడా వెల కట్టిన ఆ సమాజంలో సభలో వణికిపోయిన కుర్రవాడు పెద్దల ముందు వెనక్కి తగ్గలేదు. పిరికితనానికీ బిడియానికీ గల తేడా ఇక్కడ స్పష్టమవుతుంది.

ఓడలో మౌనం

ఓడలోని ఇబ్బంది కత్తి, ఫోర్కు వాడకం తెలియకపోవడంతో మొదలైనా, అసలు చిక్కు అడగలేకపోవడం. ఏ వంటకంలో మాంసం లేదో వడ్డించేవాణ్ణి అడిగే ధైర్యం చాలక మోహన్‌దాస్ బల్ల దగ్గరకే వెళ్లలేదు. వెంట తెచ్చుకున్న మిఠాయిలు, పండ్లు గదిలోనే తిన్నాడు. పక్కనున్న జునాగఢ్ వకీలు మజ్ముదార్ అందరితో కలివిడిగా తిరుగుతూ, తప్పులు పోతేనేం, ఇంగ్లీషు మాట్లాడమని పోరేవాడు. పార్వతీశం స్వభావం దీనికి తలకిందులు. అతడు బిడియంతో ఆగిపోడు. తెలియనిదాన్ని తెలిసినట్టే భావించి ముందుకు నడుస్తాడు. ఒకడు అడగడానికి జంకి ఆకలితో ఉంటే, మరొకడు అడగవలసిన అవసరమే తోచక అభాసుపాలవుతాడు. ఒకే అజ్ఞానానికి ఇవి రెండు నడకలు.

ఒకే హోటలు, రెండు కథనాలు

ప్రధానమైన ఆధారం విక్టోరియా హోటలు ఘట్టం. ఆత్మకథలో ఆ హోటలు గుర్తుండిపోవడానికి కారణం బిల్లు. మూడు పౌన్లు అయ్యేసరికి గుండె గుభేలుమన్నది, అంత చెల్లించినా కడుపు నిండలేదు. దినచర్యలో ఆ హోటలు వేరు. అక్కడి వైభవం చూసి కుర్రవాడి కళ్లు జిగేలుమన్నాయి. ఆ గదిలో జీవితమంతా గడిపేయవచ్చుననిపించింది. లిఫ్టు ప్రస్తావన కూడా దినచర్యలోనే ఉంది. తలుపు తెరిచి లోపలికి పంపితే, కాసేపు కూర్చోబెట్టే గది కాబోలునని అతడనుకున్నాడు. తీరా చూస్తే పై అంతస్తులో ఉన్నాడు.

ఈ లిఫ్టు ఆత్మకథలోకి ఎందుకు రాలేదు? మరపు అని సరిపెట్టుకోవచ్చు. కాని తెల్ల ఫ్లానెల్ దుస్తుల సంగతిని ఆత్మకథ ఎంతో స్పష్టంగా గుర్తుపెట్టుకుంది. ఓడ దిగేటప్పుడు తెల్లని బట్టలైతే బాగుంటుందని దాచుకున్న సూటు వేసుకున్నాడు. సెప్టెంబరు చివర అలాంటివి వేసుకున్నవాడు తానొక్కడే. సామాను, తాళంచెవులు ఏజెంటుకు అప్పగించాడు. మరునాడు ఆదివారం కావడంతో బట్టలు మార్చుకునే వీలు కూడా లేకపోయింది. ఈ సిగ్గు 37 ఏళ్ల పాటు నిలిచింది, లిఫ్టు ఆశ్చర్యం నిలవలేదు. సత్యంతో ప్రయోగాలు అనే చట్రానికి సిగ్గు పనికివస్తుంది, బిల్లు పనికివస్తుంది. ఏ పాఠమూ చెప్పని ఆశ్చర్యం ఆ చట్రంలో ఇమడదు. ఆత్మకథ అబద్ధం చెప్పిందని దీని అర్థం కాదు. ఏరుకున్నది.

రెండు టోపీలు

అదే హోటలుకు ఆ సాయంత్రం డాక్టర్ ప్రాణ్‌జీవన్ మెహతా వచ్చాడు. ఫ్లానెల్ చూసి చిరునవ్వు నవ్వాడు. మాటల మధ్య మోహన్‌దాస్ ఆయన పొడుగుటోపీని అందుకొని, దాని నునుపు చూడాలని చేత్తో ఎదురునిమిరాడు. టోపీ నూగు చెదిరింది. మెహతా కోపంగా చూసి ఆపాడు. అప్పుడే తొలి పాఠం మొదలైంది: ఇతరుల వస్తువులు తాకరాదు, తొలి పరిచయంలోనే ప్రశ్నలు వేయరాదు, బిగ్గరగా మాట్లాడరాదు.

పార్వతీశం టోపీ లోకప్రసిద్ధం. అది స్త్రీలు ధరించేదని ఎరుగక దర్జాగా పెట్టుకు తిరగడం నవలకే గుర్తుగా మిగిలిపోయింది. రెండు సంఘటనల్లోనూ వస్తువు టోపీయే, తెలియనిది దాని మర్యాదే. తేడా కథకుని స్థానంలో ఉంది. ఆత్మకథలో 56 ఏళ్ల పెద్దమనిషి తన వెనకటి కుర్రవాణ్ణి చూపిస్తూ, పక్కనే నిలబడి సవరిస్తుంటాడు. పార్వతీశం ఉత్తమపురుషలో కథ చెబుతాడు గాని ఆ పెద్దమనిషిని పక్కన నిలబెట్టడు. సవరించే పని పాఠకునిది. నవ్వు పుట్టేది ఆ ఖాళీలోనే. ఈ దృష్టితో చూస్తే కాల్పనికమైన నవల ఆత్మకథ కంటే దినచర్యకు దగ్గరగా ఉంది. దినచర్యలోనిది సహజమైన తెలియనితనం, నవలలోనిది అన్నీ తెలిసిన రచయిత పట్టుబట్టి కాపాడిన తెలియనితనం. రెండవది ఎక్కువ కష్టం. మొక్కపాటి శిల్పాన్ని ‘సరదా రచన’ అన్న ముద్రతో పక్కన పెట్టడం విమర్శ చేసిన అన్యాయమే.

అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లిన తెలుగు విద్యార్థుల కథనాలపై నేడు జరుగుతున్న డయాస్పోరా పరిశోధనకు కూడా ఈ విచక్షణ అవసరం. చేరిన నెలలో రాసిన ఉత్తరాన్నీ, ఇరవై ఏళ్ల తరువాత రాసిన జ్ఞాపకాన్నీ ఒకే విలువగల ఆధారాలుగా ఉటంకించడం సిద్ధాంతవ్యాసాల్లో మామూలైపోయింది. ఎవరు రాశారన్నదానితో పాటు ఎంత కాలానికి రాశారన్నది కూడా చూడవలసిన అంశం.

రాత్రులు

నవల అందుకోలేనిది, ఆత్మకథ అందుకున్నది ఒకటుంది. తొలి వారాల రాత్రులు. ఇల్లు, తల్లి గుర్తొచ్చి చెంపలపై కన్నీళ్లు కారేవనీ, నిద్ర పట్టేది కాదనీ, ఎవరితో చెప్పుకున్నా తీరే బాధ కాదనీ గాంధీజీ రాశారు. ఇంగ్లండు సహించరానిది, తిరిగిపోవడం ఊహించరానిది. హాస్యనవల నడక ఒక సంఘటననుంచి మరొక సంఘటనకు పరుగెత్తిస్తుంది. ఏమీ జరగని రాత్రి దగ్గర ఆగడం దానికి సాధ్యం కాదు. ఆత్మకథ ఆగింది. ఆ తరువాత రిచ్‌మండ్‌లో మిత్రుని వద్ద గడిపిన నెల, వెస్ట్ కెన్సింగ్టన్‌లో వితంతువు ఇంట అరకొర భోజనం, రోజుకు పది పన్నెండు మైళ్ల నడక, చివరికి ఫారింగ్‌డన్ వీధిలో కనిపించిన శాకాహారశాల, అక్కడ ఒక షిల్లింగుకు కొన్న సాల్ట్ పుస్తకం వరుసగా వస్తాయి.

ఈ రాత్రులను దినచర్య ఎలా చెప్పి ఉండేదో పోల్చి చూసే అవకాశం లేదు. ఛగన్‌లాల్ గాంధీ నకలు రాసుకున్న సుమారు 20 పుటలే నేడు మిగిలాయి. అవి ప్రధానంగా ప్రయాణసన్నాహం, ఓడ, హోటలు వరకే సాగుతాయి. లిఫ్టు ఎక్కిన కుర్రవాడి గొంతు లభ్యమైంది. ఏడ్చిన కుర్రవాడి సంగతి మాత్రం 56 ఏళ్ల మనిషి చెప్పగా తెలిసినదే.