దూరపు కొండలు: మక్కబీయుల మొదటి గ్రంథము 8వ అధ్యాయముపై విమర్శ

మలాకీకిని మత్తయికిని నడుమ గడచిన కాలమున యూదులు అన్యరాజులతో ఎట్లు మెలగిరో తెలిసికొనగోరువారికి మక్కబీయుల మొదటి గ్రంథము మిక్కిలి ఉపయోగకరము. హెబ్రీభాషలో వ్రాయబడిన యీ గ్రంథము నేడు గ్రీకు అనువాదముగా మాత్రమే నిలిచియున్నది. కథోలికుల బైబిలులో ఇది చేరియున్నది. ప్రొటెస్టెంటుల బైబిలులో లేదు. ఇందలి 8వ అధ్యాయమును గూర్చి కొంచెము విచారింతము.

సిరియా రాజుల కాడిని విరుగగొట్టగోరి యూదా మక్కబీ, క్రీ.పూ. 161 ప్రాంతమున, యోహాను కుమారుడగు యూపొలెమును, ఎలియాజరు కుమారుడగు యాసోనును రోమాకు రాయబారులుగా పంపెను. ఈ సందర్భమున గ్రంథకర్త రోమీయులను వేనోళ్ల పొగడెను. వారిలో ఎవడును కిరీటము ధరింపడట, అసూయ యెరుగరట, ఏటేట ఒక్కనికే అధికారము నప్పగింతురట, గొప్ప అంతియొకు రాజును సజీవునిగా పట్టుకొనిరట.

ఇవన్నియు నిజములు కావు. ఏటేట రోమాలో ఎన్నుకొనబడిన కాన్సలులు ఇద్దరు. అంతియొకు మగ్నీషియా యుద్ధములో ఓడెను గాని పట్టుబడలేదు, క్రీ.పూ. 188లో సంధి చేసికొని మరుసటి యేట తూర్పుదేశమున చనిపోయెను. మన గ్రంథకర్త రోమాను చూచి కాదు, విని వ్రాసెను. దూరపు కొండలు నునుపు గదా!

మరియొక లోపము ఇంతకంటె పెద్దది. వెండి బంగారు గనులకొరకు రోమీయులు స్పెయినులో చేసిన పనులను, గ్రీసువారిని దోచి దాసులనుగా చేసిన సంగతిని అతడే వ్రాసెను. హెచ్చరికగా చదువవలసినదానిని పొగడ్తగా వ్రాసెను.

ఇక సంధి మాట. ఒకరికి యుద్ధము సంభవించినయెడల రెండవవారు సాయపడవలెను. అయితే సమయము అనుకూలించినంతమట్టుకే. ఆ షరతు ఇరుపక్షములకు ఒక్కటే. కాని బలవంతునికి అది తప్పించుకొను త్రోవ. 9వ అధ్యాయము తెరచినయెడల దాని ఫలము కనబడును. దేమేత్రి రాజు సేనాధిపతియగు బక్కీదు 20,000 కాల్బలముతోను 2,000 గుర్రపు రౌతులతోను వచ్చెను. యూదాయొద్దనున్న 3,000 మందిలో అనేకులు జారిపోగా 800 మందియే మిగిలిరి. క్రీ.పూ. 160లో అతడు ఆ యుద్ధమునందే కూలెను. రోమా సైన్యము రాలేదు.

గ్రంథకర్త దీనికి సాకులు చెప్పడు. సంధినిగాని మరణమునుగాని దాచడు. ఇందులో అతని యథార్థత మెచ్చదగినది. యూదాను నిందించుటయు న్యాయము కాదు. చిన్న జనము ప్రాణరక్షణకై సాయము వెదకెను. తరువాత యోనాతాను, సీమోను కూడ ఆ స్నేహమును నూతనపరచిరి. సాయము కోరుట తప్పు కాదు. సాయము చేయువాని గుణమును పరీక్షింపకపోవుటయే ప్రమాదము.

క్రీ.పూ. 63లో హిర్కాను, అరిస్తొబూలు అను అన్నదమ్ములు సింహాసనముకొరకు పోరాడి, ఇరువురును రోమా సేనానియగు పొంపేను తీర్పు కోరిరి. పొంపే యెరూషలేమును పట్టుకొని అతిపరిశుద్ధస్థలములో ప్రవేశించెను. సువార్తలలో మనము చూచు పిలాతు అధికారమునకు త్రోవ ఆ దినముననే తెరువబడెను. అంతకు మునుపే వ్రాసిన గ్రంథకర్త దానిని చూడలేదు. మనమైతే ఎరుగుదుము. కావున ఆ రెండధ్యాయములను విడదీయక ఒక్కసారిగా చదువుడి.