గాలి తీసే చెయ్యి

అబుధాబీ ఎమిరేట్ దక్షిణ భాగంలో, లివాలో తల్ మొరీబ్ అనే ఇసుక దిబ్బ ఉంది. దాదాపు 300 మీటర్ల ఎత్తు. వచ్చినవాళ్లంతా దానికే ఫొటోలు తీస్తారు. నేను మాత్రం మా డ్రైవర్‌ని చూస్తూ నిలబడ్డాను.

జగిత్యాల మనిషి. తారురోడ్డు అయిపోగానే బండి ఆపి, నాలుగు టైర్ల దగ్గరా గొంతుక్కూర్చుని గాలి తీశాడు. 35 పీఎస్ఐ ఉన్నదాన్ని 15కి దించాడు. "గాలి ఉంటె దిగవడ్తది సార్, తీస్తె తేలుతది" అన్నాడు. మెత్తబడ్డ టైరు వెడల్పుగా పరుచుకుని బరువు పంచుకుంటుంది. ఒంటె పాదం చేసే పనే ఇది. గేజీ చూశాడు గానీ, నమ్మింది టైరును నొక్కిన బొటనవేలినే.

దిబ్బకు గాలి తగిలే వైపు ఇసుక గట్టిగా, ఏటవాలుగా ఉంటుంది. అవతలి వైపు నిట్రంగా ఉండి జారిపోతుంది. అందుకే ప్రతి దిబ్బ అంచుకూ ముందు తనే నడిచి వెళ్లి, అవతల చూసొచ్చి, అప్పుడు బండి ఎక్కించాడు. ఎండిన ఇసుక జారితే కొన్ని దిబ్బలు దూరపు విమానంలా మూలుగుతాయి. మాకా రోజు వినబడలేదు.

తిరిగొస్తూ రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి కొట్టాడు, ఒక్కో టైరుకూ, ఎండలో. మేం ఏసీలో కూర్చున్నాం.