దోహదము, హాస్యము, చలనచిత్రము

నాలవ మాసము వచ్చిన గర్భిణిని సుశ్రుతసంహిత 'దౌహృదిని' యనినది. తన హృదయ మొకటి, గర్భస్థశిశువు హృదయ మొకటి, ఇట్లు రెండు హృదయములు గలది యని భావము. గర్భిణి కోరికకు దోహదమను పేరు ఇందుండియే వచ్చినదని పెద్దల మతము. కాళిదాసు రఘువంశమున సుదక్షిణ మట్టిని రుచి చూచుటయు, దిలీపుడు ఏకాంతమున ఆమె మోమును ఆఘ్రాణించి తనివి చెందకుండుటయు వర్ణించెను. శృంగారమునకు వాత్సల్యము తోడైన ఆ ఘట్టమున మందహాసము కలదు. భవభూతి చేతిలో ఆ దోహదమే కరుణమునకు ద్వారమైనది. వనములను చూడగోరిన సీతకై సిద్ధపఱచిన రథమే ఆమె పరిత్యాగమునకు సాధనమయ్యెను.

మన వెండితెర ఎక్కువగా భవభూతి త్రోవనే నడచినది. తెలుగు చిత్రములలో కన్య నెల తప్పుట యనగా తండ్రి తల వంచుకొనుట. గృహిణి నెల తప్పుట యనగా సీమంతపు పాట. ఒకటి కన్నీరు, మఱియొకటి పేరంటము. ఈ రెంటి నడుమ హాస్యమునకు చోటు అరుదుగా దొరకినది.

ప్రణయహాస్యకథకు వివాహము సాధారణముగా గమ్యస్థానము. సంతానకథ ఆ గమ్యము దాటిన పిదప మొదలగును. ఒక్కొక్కప్పుడు దానిని చేరకుండగనే మొదలగును. అందుచే ఈ జాతి చిత్రములకు కఠినమైన పరీక్ష కలదు. శృంగారము చెడకుండ వాత్సల్యము ప్రవేశింపవలెను. ఆ ప్రవేశమున కలుగు తొట్రుపాటు నవ్వు పుట్టింపవలెను. ఆ నవ్వు ఎవరిని చూచి పుట్టుచున్నది? గర్భిణి వేవిళ్ళను, బరువైన నడకను చూచియా? ఆమె చుట్టునున్న లోకపు తొట్రుపాటును చూచియా? ఈ ప్రశ్నకు వచ్చు సమాధానమును బట్టియే చిత్రము యోగ్యతను నిర్ణయింపవలెనని నా అభిప్రాయము.

హాలీవుడ్ చిత్రములలో ఈ నవ్వు చాలవఱకు పురుషుని చూచి పుట్టినది. 1951లో విన్సెంట్ మిన్నెల్లి దర్శకత్వమున వచ్చిన 'ఫాదర్స్ లిటిల్ డివిడెండ్'లో తల్లి కాబోవునది కూతురు. కథ చెప్పువాడు ఆమె తండ్రి. తాత యగుట యనగా ముసలితనము నొప్పుకొనుటయే యని అతని బెంగ. 1995 నాటి 'నైన్ మంత్స్'లో నాయకుడు పిల్లల మనస్తత్త్వ నిపుణుడు. ఇతరుల బిడ్డల మనసు నెఱిగినవాడు తన బిడ్డ వార్త విని బెదరును. 2007 నాటి జడ్ అపటో చిత్రము 'నాక్డ్ అప్'లో పనీపాటా లేని యువకుడు తుదకు ఉద్యోగము వెదకుకొని, ఇల్లు చూచుకొని, అంతవఱకు తెఱవని శిశుపోషణ గ్రంథములను చదువును. మెల్‌బోర్న్ నగరమున నడచు హిందీకథ 'సలామ్ నమస్తే' (2005) కూడ ఈ జాడనే పోయినది. ఈ కథలలో తొమ్మిది నెలలు పురుషునికి పాఠశాల. స్త్రీ ఆ పాఠశాల గోడకు వ్రేలాడు కాలెండరు. ఆమెకు నెలలు నిండుచుండును, అతనికి బుద్ధి వికసించుచుండును. నవ్వు నిర్దోషమైనదే, కాని దౌహృదిని హృదయము మనకు అంతగా వినిపింపదు.

అదే 2007లో జేసన్ రైట్‌మన్ తీసిన 'జూనో' దీనికి భిన్నమైనది. డయాబ్లో కోడీ వ్రాసిన ఈ చిత్రకథకు ఆస్కారు బహుమతి లభించినది. పదునాఱేండ్ల బాలిక గర్భవతియై, బిడ్డను సంతానము లేని దంపతులకు దత్తత నిచ్చుటకు నిశ్చయించుకొనును. ఆ దంపతులలో భర్త వెనుదీసినను, భార్య ఒంటరిగానే బిడ్డను స్వీకరించును. మోయుచున్న తల్లి యొకతె, ఎదురుచూచుచున్న తల్లి యొకతె. రెండు హృదయములకును చిత్రము చెవి యొగ్గినది. బాలిక తన యవస్థపై తానే ఛలోక్తులు విసరుకొనును గనుక, ఆమెను చూచి నవ్వు అధికారము లోకమునకు దక్కలేదు.

మన దేశమున ఈ జాతికి మేలైన ఉదాహరణము, అమిత్ రవీందర్‌నాథ్ శర్మ దర్శకత్వమున 2018లో విడుదలయైన హిందీ చిత్రము 'బధాయీ హో'. ఢిల్లీలోని మధ్యతరగతి దంపతులు జీతేందర్, ప్రియంవద. పెద్దకొడుకు పెండ్లీడు వాడు. ఆ యింట తల్లి నెల తప్పును. క్రొత్తకోడలిని 'ఏమైనా విశేషమా?' అని అడుగుటకు జంకని లోకమే, అత్తగారు కావలసిన వయసున ఆ విశేషము వచ్చినచో మొగము చాటువేయును. బిడ్డ కలుగుట శుభము. బిడ్డకు కారణమైన అనురాగము మాత్రము సిగ్గుచేటు! కథ బలమంతయు ఈ వైరుధ్యమున నున్నది.

జీతేందరు పత్రికలో అచ్చయిన తన కవితను వాన కురియు రాత్రి భార్యకు చదివి వినిపించును. రచయితలమైన మనకు నవ్వు వచ్చు ఘట్టమే. కాని ఇన్నేండ్ల కాపురము పిదపను ఆ కవితకు ఆమె శ్రోతగా మిగిలియున్నది. గజరాజ్ రావు, నీనా గుప్తా ఈ యనురాగమును అతి లేకుండ అభినయించిరి. నవ్వులపాలైనది వారు కాదు. స్నేహితులకు మొగము చూపలేక తప్పించుకొని తిరుగు కొడుకు. మీరట్‌లోని పెండ్లియింట బంధువులు ప్రియంవదను ఎత్తిపొడువగా, అంతవఱకు ఆమెను సాధించిన అత్తగారే ఎదురు తిరిగి, తనకు సేవ చేసినది ఈ కోడలే యని అందఱి నోళ్ళు మూయించును. సురేఖా సీక్రీకి ఈ పాత్ర జాతీయ ఉత్తమ సహాయనటి పురస్కారమును తెచ్చినది. ఆ ముసలమ్మ మార్పు ఆదర్శమునుండి గాక కృతజ్ఞతనుండి పుట్టినది, కనుకనే నమ్మదగియున్నది.

అట్లని చిత్రము నిర్దుష్టము కాదు. బిడ్డను కనవలెనని ప్రియంవద చేసిన నిర్ణయమునకు కథలో దక్కిన కాలము మిక్కిలి స్వల్పము. ఆ వయసున ప్రసవమనగా కలుగు భయము, అలసట, మరల మొదలుకానున్న రాత్రి జాగరణములు నటి కన్నులలో మెఱసి మాయమగునే గాని మాటలై రావు. కథను చూచు కన్ను చాలవఱకు కొడుకుది. లోకపు సిగ్గును ఎగతాళి చేసిన రచన, ఆమె అంతరంగమును విప్పుటకు తానును కొంత సిగ్గుపడినది.

తెలుగువారికి దాంపత్యహాస్యము క్రొత్త కాదు. మునిమాణిక్యం నరసింహారావుగారి కాంతం, భానుమతీ రామకృష్ణగారి అత్తగారు మన యింటి మనుషులు. 'బధాయీ హో'లోని ముసలమ్మ ఈ అత్తగారికి దగ్గఱి చుట్టమే. ఐనను సంతానకథ వచ్చుసరికి మన చిత్రరచయిత వింత కల్పనను వెదకుచున్నాడు. 2023 నాటి 'మిస్టర్ ప్రెగ్నెంట్'లో పురుషుడే గర్భము దాల్చును; 1994 నాటి హాలీవుడ్ చిత్రము 'జూనియర్'లో ఇట్టి కల్పనయే కలదు. ఊహ చమత్కారమైనదే. కాని స్త్రీ మోయునపుడు వినని కథను పురుషుడు మోసినపుడు మాత్రము విందుమనుట, ఆ హాస్యముపై మఱియొక హాస్యము.

మన ఆచారములలోనే కావలసినంత వస్తువు కలదు. తొలి కాన్పునకు పుట్టింటికి పోవుట మన వాడుక. కనుక హాలీవుడ్ భర్తకు దొరకిన తొమ్మిది నెలల పాఠశాల మన అల్లునికి నడుమనే మూతపడును. అతడు టెలిఫోనులో ప్రియుడు, అత్తవారింట అతిథి, పితృత్వమునకు అభ్యర్థి. అచ్చట తల్లి యొక పథ్యము చెప్పగా అత్తగారు మఱియొకటి చెప్పును. వైద్యురాలు మూడవది చెప్పును. చూలాలిని ఏమి కావలెనని అడుగువారు లేరు. దోహదమను మాట ఆమె కోరికకే పేరని అందఱును మఱచిన చోట ఈ హాస్యము మొదలు కావచ్చును; ఎవరో యొకరు ఆమె నడిగిన చోట ముగియవచ్చును.

భవభూతి సీత తన కోరిక చెప్పుకొన్నది. విన్నవారే దానిని వేఱొక పనికి వాడుకొనిరి. చెప్పిన కోరికను చెప్పినట్లు వినుట ఈ జాతి కథకు మొదటి ధర్మము. ఆ మీద వచ్చు నవ్వు ఎంత బిగ్గఱగా నున్నను దోషము లేదు.